నరాల మాస్టారు చెయ్యి పడితే

నరాల మాస్టారిది ఒక్కటే జబ్బు. ఎవరి చెయ్యి దొరికినా రెండు చేతులతో పట్టుకుని, నరంలో కరెంటు ఎలా పోతుందో మొదటినుంచీ చెప్పందే వదలడు.

ఆస్పత్రిలో ఆయన ఉద్యోగం నరాల పరీక్ష. చేతికి పట్టీలు అంటించి, సన్నగా కరెంటు తగిలించి, అది నరం వెంట ఎంత వేగంగా పోతోందో మిషన్లో చూడాలి. పరీక్షకు పది నిమిషాలు. దానికి ముందు ఉపన్యాసం అరగంట.

"తీగలో కరెంటులా సర్రున పోతుందనుకుంటున్నారా? కాదమ్మా. నరం పొడుగునా బుల్లి బుల్లి తలుపులు. బయట సోడియం, ఆట మొదలయ్యే వేళకి సినిమా హాలు ముందు జనంలా. ఒక్క తలుపు తీశామా, బిలబిలమని లోపలికి. ఆ తొక్కిసలాటకి పక్క తలుపు తెరుచుకుంటుంది. దాని దెబ్బకి ఆ పక్కది."

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి మర్యాదకని చెయ్యి అందించాడు. తనిఖీ మర్నాటికి వాయిదా పడింది. కాంటీన్ మనిషి టీ గ్లాసు బల్లమీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. "మా ఆవిడైతే, సోడియం దాకా విన్నాను, ఇక వదలండి అంటుంది" అని ఆయనే ఒప్పుకునేవాడు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి ఇదేమీ నచ్చలేదు.

"మాస్టారూ, రోజుకి ఎనిమిది మందే అవుతున్నారు. ఇరవై మంది కావాలి. మీ కథ ఆపండి."

"కథ కాదమ్మా, నరం."

"అదే, ఆపండి."

ఒక సోమవారం ఆయన్ని పక్క గదిలో రిపోర్టులు సర్దడానికి కూర్చోబెట్టి, తానే మిషన్ ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి పన్నెండు మంది అయిపోయారు. ఆమెకి తనమీద తనకే ముచ్చటేసింది.

పదమూడోవాడు గడియారాలు బాగుచేసే మనిషి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చి, ఏసీ గదిలో రెండు గంటలు కూర్చున్నాడు. పరీక్ష చేస్తే చేతిలో ఏ నరం చూసినా వేగం తక్కువే.

"నరాలు బాగా దెబ్బతిన్నాయి. ఈ సన్నపని మానెయ్యాలి" అంది డాక్టరమ్మ.

అతను వేళ్లకేసి చూసుకున్నాడు. "ముప్పై ఏళ్లుగా ఇవే మాకు తిండి పెట్టాయండీ. నాకింకో పని రాదు."

పక్క గదిలోంచి మాస్టారు వచ్చాడు. "ఒక్కసారమ్మా" అంటూ అతని చెయ్యి అందుకున్నాడు. డాక్టరమ్మ నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. సోడియం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

"అప్పుడు లోపలున్న పొటాషియం అలిగి బయటికి పోతుంది."

"మా పెద్దల్లుడిలా" అన్నాడు గడియారాలాయన. వచ్చిన దగ్గర్నుంచీ అతను నవ్వడం అదే మొదలు.

మాస్టారు చటుక్కున ఆపేశాడు. "ఇప్పుడు పెట్టండమ్మా."

మిషన్లో అంకెలు పైకి లేచాయి. మణికట్టు దగ్గర ఒక్కచోట కాస్త నెమ్మది, అంతే. డాక్టరమ్మ నమ్మలేక మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"ఏం చేశారు?"

"చల్లబడితే ఆ తలుపులు బద్ధకంగా తెరుచుకుంటాయి కదమ్మా. చెయ్యి ఐసుముక్కలా ఉంటే నిక్షేపంలాంటి నరం కూడా నత్తలా నడుస్తుంది. అందుకే వెచ్చబడేదాకా పట్టుకుంటాను."

అది ఆమె చదివిన సంగతే. మార్కులు కూడా వచ్చాయి.

"దానికి వేడినీళ్ల సంచి చాలుగా? బీరువాలో ఉంది."

"చాలు. చెయ్యి వెచ్చబడుతుంది. కరెంటు పెడతారని విని వచ్చిన మనిషి మాత్రం లోపల వణుకుతూనే ఉంటాడు. సంచికి కబుర్లు రావమ్మా."

డాక్టరమ్మ పొద్దుటి పన్నెండు రిపోర్టులూ తీసి పక్కన పెట్టి, అందర్నీ మళ్లీ రమ్మని ఫోన్ చేయించింది. గడియారాలాయనకేసి తిరిగి, "పని మానక్కర్లేదు. పడుకునేటప్పుడు మణికట్టుకి పట్టీ కట్టుకోండి. ఇక వెళ్లొచ్చు" అంది.

అతను లేవలేదు. చెయ్యి మళ్లీ మాస్టారి ముందుకి చాపాడు.

"వెళ్తానండీ. ఆ పొటాషియం అలక తీరి ఇంటికొచ్చిందో లేదో అదొక్కటీ చెప్పెయ్యండి."

డాక్టరమ్మ కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంది.