గడప ఇవతల స్టూలు

మా చిన్నాన్న పోయారు. కలకత్తా వాట్‌గంజ్‌లో ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ఆ ఉదయం ఏ విశేషమూ లేదు. నేను దీపం పెట్టి స్తోత్రం సగంలో ఉండగా వీధి తలుపు చప్పుడైంది. చిన్నాన్న చెప్పులు విడిచి, ఎప్పటిలాగే గోడ వైపు తిప్పి పెట్టారు. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన తన గాజు గ్లాసులో టీ పోసుకుని బిస్కెట్టు ముంచారు.

"ఒదినా, ఇయ్యేళ నది పోటు పెద్దది. ఘాటు మెట్లు సగం మునిగిపోనాయి."

"అయితే నీకేటి? ఇంకా నౌకరీ ఉన్నాదేటి?" అంది అమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. స్తోత్రం పూర్తయ్యాక చిన్నాన్న ప్రసాదం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు. గంటన్నరకి ఆయన పక్కింటి దర్జీ దాదా పరుగున వచ్చాడు. కుర్చీలో పేపరు చూస్తూ అలాగే పోయారట.

ఏడ్చాను. ఏడుపు వెనకే నెమ్మది కూడా వచ్చింది. అమ్మతో నవ్వి మరీ వెళ్ళారు. కిందటేడు పోయి ఉంటే ఆ నవ్వు ఉండేది కాదు.

నాన్నా చిన్నాన్నా శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడి పోర్టు పనికి వచ్చారు. నాన్న తాగి తాగి పోయారు. పన్నెండో రోజున అమ్మ చిన్నాన్న చేత, బారు గడప తొక్కనని చేతిలో చెయ్యి వేయించుకుంది. అప్పటికి ఆయన పెళ్ళి కానివాడు. తరవాతా చేసుకోలేదు. నన్నూ తమ్ముణ్ణీ ఆయనే చదివించారు.

పోర్టు లాంచీలో నది లోతు చూడడం ఆయన పని. సీసపు గుండు కట్టిన తాడును నీళ్ళలోకి విసిరి, తాడుకున్న తోలు ముక్కల్ని చేత్తో తడిమి లోతు చెప్పేవారు. గుండు అడుగున కొవ్వు పూస్తే అడుగు మట్టి దానికి అంటుకు వస్తుంది. ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపి, లాంచీ ఏ మలుపులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారట. యంత్రాలొచ్చాక తాడు పారెయ్యమన్నారు. ఆయన ఇంటికి తెచ్చుకుని మేకుకి తగిలించుకున్నారు.

కిందటేడు ఓ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి, ఖిదిర్‌పూర్ బారు దగ్గర చిన్నాన్నని చూశానన్నాడు.  అమ్మ ఆయన టీ గ్లాసు కడిగి అలమరలో బోర్లించింది. మర్నాడు చిన్నాన్న వచ్చారు, బోర్లించిన గ్లాసు చూశారు, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఈవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండు నెలలు అలా గడిచింది. ఇల్లు ఇల్లులా లేదు.

చివరికి నేనే వెళ్ళాను. సంధ్య దీపం పెట్టి, మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ ఆ రోడ్డు మీద నడిచాను. బారు తలుపు తీసి ఉంది. తలుపు బయట, ఫుట్‌పాత్ మీద, స్టూలు వేసుకుని చిన్నాన్న. చేతిలో మట్టి కప్పుతో టీ.

లోపల బల్లల మధ్య ఒక బెంగాలీ అమ్మాయి నిలబడి మాట్లాడుతోంది. నది మట్టి మీద పరిశోధన చేస్తోందట. ఆమెలాంటి వాళ్ళు నెలకో గురువారం ఆ బారుకి వచ్చి, తాము చేస్తున్న పని గురించి అక్కడివాళ్ళకి చెబుతారట. ఆమె సీసాలో బురద చూపించి, "ఇది ఎటునుంచి వచ్చిందో నాకు కచ్చితంగా తెలీదు" అంది.

"తెలీకపోతే ఎందుకొచ్చావు దీదీ?" అన్నాడొకడు గ్లాసు ఎత్తి. అందరూ నవ్వారు.

"మీరెవరూ మా కాలేజీకి రారుగా. మీలో ఎవరికైనా తెలుసేమో అడుగుదామని."

"ఆ సీసా ఇలా ఇవ్వమ్మా" అన్నారు చిన్నాన్న బయటనుంచి, బెంగాలీలో.

సీసా చేతులు మారుతూ గుమ్మం దాకా వచ్చింది. ఆయన బురద నలిపి చూశారు. "ఎగువనుంచి వచ్చింది కాదు. సముద్రం పోటుతో వెనక్కి తెచ్చిన మట్టి."

"దాదూ, లోపలికి రండి!" అని అరిచారు ఎవరో.

"ఇక్కడ గాలి బాగుంది."

ఆ అమ్మాయి నోట్‌బుక్కు తీసుకొచ్చి గడప మీదే కూర్చుంది. ఆమె ఆ పక్క, ఆయన ఈ పక్క. అప్పుడు చిన్నాన్న నన్ను చూశారు.

"పెద్దపాపా! అంత సదూకున్న పిల్ల, తెల్దని సెప్పింది సూసినావా? మా ఆఫీసర్లు ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అన్నేదు."

"ఈ సంగతి అమ్మకి చెప్పొచ్చు కదా, చిన్నాన్నా."

ఆయన కప్పులోకి చూశారు. "గడప తొక్కనేదు. గానీ సెవులు లోపలే ఉన్నాయి కదేటి. అది తొక్కినట్టో కాదో ఒదినే సెప్పాల."

ఇంటికొచ్చి ఆ మాట అలాగే చెప్పాను.  "సెవులకి నాను ఒట్టెయ్యమన్నేదు" అంది అమ్మ. లేచి వెళ్ళి గ్లాసు నిలబెట్టింది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ తరవాత ప్రతి నెలా ఆ గురువారం మర్నాటి పొద్దున టీకి మాకు పాఠం ఉండేది. విన్నదంతా మాకు అప్పజెప్పేవారు. "నీల్లు సూసి నది తెలీదు పాపా, అడుగు సూడాల" అనేవారు.

ఆయన పోయిన పన్నెండో రోజు సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వచ్చే గురువారం బారులో ఆయన గురించే మాట్లాడతానంది. అందరికీ చూపించడానికి తాడు ఇస్తారా అని అడిగింది. తమ్ముడు ఇద్దామన్నాడు. "గుమ్మం దగ్గర అందిద్దాం. మనం లోపలికెళ్ళడం బాగోదు" అని కూడా అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను.

"నాకేసిన ఒట్టు. నానే తీసేస్తన్నాను" అంది అమ్మ.

అలా తేలింది. గురువారం ముగ్గురం వెళ్తున్నాం. అక్కడిదాకా తాడు అమ్మే పట్టుకుంటుంది, ఎవరికీ ఇవ్వదట. ఫుట్‌పాత్ మీది స్టూలుని తమ్ముడు గడప దాటించి ముందు వరసలో వెయ్యాలి. దాని మీద ఎవరూ కూర్చోరు. తాడు చుట్ట చుట్టి, గుండు పైకి వచ్చేలా ఆ స్టూలు మీద పెడతాం.