గొడుగు పరీక్ష

ఏ మొక్కనైనా సరే, గొడుగుతో పొడిచి చూడనిదే మా మామయ్య నమ్మడు.

గేటు నుంచి వసారా దాకా రాళ్ల బాట పరిచింది నేనే. చదివి నేర్చిన పని కాదు, రాళ్లు మోసి నేర్చింది. ఒక్క రాయి ఊగినా మీసం తీయించుకుంటాను. చూడ్డానికి బాగుంటుందని రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ల సందు వదిలాను. ఆ సందుల్లో నేలబారు మొక్కలు పెంచాలని మామయ్య పట్టు.

మబ్బు తునక లేని రోజున మడిచిన గొడుగు పట్టుకుని నర్సరీకి బయల్దేరాడు. వెళ్లగానే నాచు ట్రేలో ఒక్క పోటు!

"ఏమండీ, మొక్కని పొడుస్తారేంటి?" నర్సరీ ఆవిడ కేక.

"చెప్పులు కొనేముందు తొడిగి చూడరా?"

"తొడిగి చూస్తారు. పొడిచి చూడరు!"

నాచు మీద గొడుగు జారింది, ఫెయిల్. ఇంట్లో నాటిన పుదీనా వారంలో పిక్క దాకా లేచింది. "దీనికి పొగరు" అని పీకేశాడు. తెల్లపూల తీగకి తేనెటీగలొచ్చాయి. మామయ్య గొడుగు తెరవడం ఆరోజే చూశాను. అదీ పరిగెత్తుతూ.

ఎదురింట్లో ఉండే మా పెద్దమ్మ, అంటే మామయ్య అక్క, రోజూ సాయంత్రం చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చి, తమ్ముణ్ణి తిట్టి, కాఫీ తాగి వెళ్లేది. బాట వేసిన మూడోరోజు నుంచీ రావడం మానేసింది.

"బోసి తోట. చూళ్లేను బాబూ!" అంటుంది గేటు బయటి నుంచే.

తిట్లు లేక మామయ్యకి తిండి సయించడం లేదు.

"ఏదో ఒకటి నాటు మామయ్యా, నెలైంది!"

"నీకు తెలీదురా. అక్క కంటికి ఆనాలి."

చివరికి థైమ్ అనే పొట్టి మొక్క దొరికింది. సందుల్ని ఇసుకా మట్టీ కలిపి రాళ్ల ఎత్తుకి దట్టించి నాటాం. రెండు నెలల్లో వేళ్లు చాపలా అల్లుకున్నాయి. మామయ్య పొడిచాడు. గొడుగు దిగలేదు, జారలేదు. "పాస్!" అని గంతేసి గొడుగు వదిలేశాడు.

తీసివ్వబోయాను. కొనకి రబ్బరు బిరడా! పెద్దమ్మ కర్రకి నేనే తెచ్చి తొడిగిన రకం. పక్కకి కొత్తగా పరిచి ఇంకా మట్టి దట్టించని రాళ్ల మధ్య, నేను అందానికి వదిలిన సందులో పెట్టి చూశాను. సరిగ్గా ఇరుక్కుంది. నా మీసం మీదికి చెయ్యి పోయింది.

"పెద్దమ్మ కర్ర సందుల్లో దిగుతోందని చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెబితే అక్క ముసలిదైపోయినట్టు. తోట బాలేదంటే తప్పు నాదవుతుంది. అలాగే ఉండనీ."

ఆ సాయంత్రం పెద్దమ్మని పిలిచాం. టక్. టక్. ఎక్కడా ఆగలేదు. వసారాలో కూర్చుని ఊపిరి పీల్చింది.

"ఒరేయ్, ఏం మొక్కరా ఇది? బాటంతా దగ్గుమందు వాసన!"

మామయ్య ముఖం వెలిగిపోయింది. మూడు నెలల బాకీ తిట్లన్నీ తిని, అక్కని సాగనంపుతూ గొడుగు తెరిచి పట్టాడు.

"ఎండా లేదు, వానా లేదు, గొడుగెందుకురా?"

"నీ తిట్లు ఇంకా తగ్గలేదుగా అక్కా!"