శీతల మండలంలో మూడు రోజులు

ఆ రోజుల్లో మాకు ప్రపంచమంటే చెరుకు బండి ఎంత దూరం పోతే అంత దూరం. అటు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దాకా, ఇటు రుద్రూర్ దాకా, మధ్యలో కనుచూపు మేరంతా చెరుకే. దాని అవతల కూడా భూమి ఉందని పెద్దవాళ్లు చెబితే కాదనేవాళ్లం కాదు గాని, దానితో మాకేం పని అనుకునేవాళ్లం. అలాంటి మా ఆరో తరగతి ముందు కొత్తగా వచ్చిన భూగోళం సారు ఒకనాడు బల్ల మీద రేకు గోళం పెట్టి (అది ఎంతమంది చేతుల్లో పడి లేచిందో గాని, ఉత్తర ధ్రువం లొట్టపోయి ఉండేది), భూమ్మీద ఉష్ణ మండలం, సమశీతోష్ణ మండలం, శీతల మండలం అని మూడున్నాయి, మనం ఉండేది ఎక్కడో చెప్పండి అని అడిగాడు. తరగతంతా ఒక్క గొంతుతో "బోధన్ తాలూకాల సార్" అన్నాం. సారు కోప్పడలేదు. కొత్త ఉద్యోగం కదా, కోపం ఇంకా అలవాటు కాలేదు.

మర్నాడు తెలిసిందేమిటంటే, ఇంకో మూడు రోజుల్లో బడి తనిఖీకి డిప్టీ సారు వస్తున్నాడు, భూగోళం సారు ఆయన ముందు ఈ మండలాల పాఠమే చెప్పాలి. సారు బాగా ఆలోచించి ముగ్గురు పిల్లల్ని మూడు మండలాలుగా నిలబెడతానన్నాడు. చర్చిలో పాటలు పాడి గొంతు సాపైన పాస్టరు బిడ్డకు ఉష్ణ మండలం దక్కింది. మేనమామ పెళ్లికి కుట్టించిన కోటు ఉంది కాబట్టి షావుకారు కొడుకుకు సమశీతోష్ణం. శీతల మండలానికి సారు వేలు చివరి వరసలో ఉన్న నా మీదికి తిరిగేసరికి అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేనూ వెనక్కి తిరిగి చూశాను, గోడ తప్ప ఎవరూ లేరు. పొడుగ్గా ఉంటానని నన్ను 'తాడి' అనేవాళ్లు. ఆరేళ్ల చదువులో ఏ సారైనా నన్ను లేచి నిలబడమన్నాడంటే అది మూలల్లో బూజు దులపడానికే. పది మంది ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పడం నాకు అదే మొదటిసారి కాబోతోంది.

"మీ ఇంట్ల గొంగడి ఉన్నదా?" అన్నాడు సారు. ఉందన్నాను. అంటే నా తెలివిని చూసి కాదు, మా గొంగడిని చూసి ఇచ్చాడన్నమాట. అయితే ఏం, ఇచ్చాడు. "మంచిగ వణుకుడు నేర్చుకొని రా. ఇండ్లల్ల మాత్రం చెప్పొద్దు, చెప్తే ఊరంత వచ్చి కిటికీల కాడ నిలవడుతరు," అన్నాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అవి ఫ్యాక్టరీలో గానుగ ఆడే రోజులు. బాపు బండినిండా చెరుకు వేసుకుని ఫ్యాక్టరీకి పోతే బండ్ల వరసలో రెండు మూడు రోజులు అక్కడే. ఇంట్లో అవ్వ, నేను, నాలుగు నెలల తమ్ముడు (మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ). వాడు పుట్టేదాకా పొద్దుగూకితే నా తల అవ్వ ఒడిలో ఉండేది. వాడొచ్చాక ఆ జాగా వాడిదైంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "నువ్వింక అక్కవైనవ్" అని నా వీపు తట్టేవాళ్లు, అదేదో పెద్ద నౌకరీ దొరికినట్టు. వాడి మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉండేది. వాడు నవ్వినప్పుడు కాస్త తగ్గేది.

ఆ సాయంత్రం పశువుల కొట్టం పక్కన గొంగడి కప్పుకుని వణకడం మొదలుపెట్టాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, అది పోయి కూడా పది రోజులైంది. ఎండ వీపు మీద చురచురమంటుంటే వణకడం అంత సులువైన విద్య కాదు. పళ్లు పటపట కొట్టాలి, మోకాళ్లు కూడా ఆడాలి, రెండూ ఒకేసారి కుదరాలి. సరిగ్గా కుదిరిన ఘడియలోనే అవ్వ పెంట తీయడానికి వచ్చింది.

"ఏమైందే, గిట్ల వణుకుతున్నవ్?"

సారు చెప్పొద్దన్నాడు కదా. "సలి వెడుతుందవ్వా," అన్నాను.

అవ్వ తట్ట అక్కడే పడేసి నన్ను ఇంట్లోకి తీసుకుపోయింది. తమ్ముణ్ణి తొట్టెలో వేసి, గోడకు ఆనుకుని కూర్చుని, నా తలను తన ఒడిలోకి లాక్కుంది. నుదుటి మీద చేయి వేసింది. పేడ, పాలు, పసుపు కలిసిన వాసన. ఇంకొక్క నిమిషం ఆగి చెబుదామనుకున్నాను. ఆ నిమిషం అయ్యాక ఇంకొక్కటి. సారుకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేనే గొప్పగా చెప్పుకున్నాను గాని, నిజానికి నేను నాలుగు నెలలుగా ఆ చేతి కోసమే కాచుకుని ఉన్నాను.

జ్వరానికి ఉన్న వైభోగం మీకు తెలియంది కాదు. డబల్ రొట్టె, అంటే బ్రెడ్డు, వచ్చింది (మా ఇంట్లో ఒంట్లో బాగుంటే అది దొరికేది కాదు). పాలలో ముంచి అవ్వే తినిపించింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గు పట్టింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. అవ్వ దగ్గుతూ నావైపు అదోలా చూసింది. నేను గబగబా వణికాను. బడి మానిపించింది. గొంగడి కింద చెమట కాలువలు కడుతుంటే, చెమట పడితే జ్వరం దిగినట్టేనని భయపడి, అవ్వ చూడకుండా తుడుచుకుంటూ పడుకున్నాను.

రెండోనాడు మలేరియా సారు వచ్చాడు. ఆయన పదిహేను రోజులకోసారి ఇల్లిల్లూ తిరిగి "ఇంట్ల ఎవరికన్న జరమా?" అని అడిగి, తలుపు పక్క గోడ మీద తారీఖు రాసి పోయేవాడు. మామూలుగా అయితే ఆయన్ని చూడగానే పిల్లలం చెరుకు తోటల్లో మాయమయ్యేవాళ్లం. ఆ రోజు నేను ఎటు పోగలను? సూదితో వేలు పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క అద్దుకుని, అవ్వ చేతిలో గోలీలు పెట్టాడు. అంత చేదు నేను మళ్లీ ఎన్నడూ ఎరగను. అవ్వ ఒక్కొక్కటే ఇస్తూ నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అన్నీ మింగేశాను.

"ఇంక సలి వెడుతుందా?" అంది.

"వెడుతుంది," అన్నాను. అవ్వ గొంగడి సర్ది, వీపు మీద చేయి వేసి చాలాసేపు అలాగే ఉంది.

మూడోనాడు సాయంత్రం బడి వదిలాక పాస్టరు బిడ్డ వచ్చింది. అవ్వ నీళ్లకు వెళ్లడం చూసి నా చెవిలో చెప్పింది. "రేపు నువ్వు రాకపోతే నీది గూడ షావుకారు కొడుకుకే ఇస్తడట సారు. కోటు మీద గొంగడి గప్పుకొని వాడే రెండు మండలాలు చెప్తడట."

లేస్తే ఒడి పోతుంది. లేవకపోతే, జన్మకోసారి వచ్చిన నా నాలుగు మాటలు ఆ కోటు జేబులోకి పోతాయి. అవ్వ వచ్చి కూర్చుని చేటలో బియ్యం ఏరడం మొదలుపెట్టేదాకా కొట్టుకులాడాను.

"అవ్వా, నాకు జరం లేదు."

అవ్వ తల ఎత్తలేదు. "నాకెర్కనే."

"ఎప్పటిసంది?"

"మొదటి దినం సంది. ఒళ్లు సల్లగున్నది."

నాకు రోషం వచ్చింది. "మరి మలేరియా సారుకెందుకు చెప్పలే? సూదితోని పొడిచిండు గదా."

"గోలీలు నోట్ల వడితే నీ అంతట నువ్వే లేస్తవనుకున్న." అవ్వ చేతులు చేటలో ఆగిపోయాయి. "ఒక్కటి గూడ ఉంచకుంట మింగితివి. అయినా నా ఒళ్లెకెళ్లి లేవకపోతివి. గప్పుడు సమజైంది నాకు."

తర్వాత నేను పాఠం సంగతీ, ధ్రువాల సంగతీ అంతా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "గా సలి దేశపోళ్లు ముక్కు గూడ కప్పుకుంటరా?" అని అడిగింది. మర్నాడు పొద్దున గొంగడి తనే చుట్టి, జారిపోకుండా ముడివేసి పంపింది.

డిప్టీ సారు కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరు బిడ్డ ఎండల గురించి గణగణా చెప్పింది. షావుకారు కొడుకు కోటు గుండీలు తడుముకుంటూ ఏదో గొణిగాడు. నా వంతు వచ్చింది. మంచు ఇళ్లు, తోలు బట్టలు, కుక్కలు లాగే బండ్లు అని బట్టీ పట్టిందంతా నోటి దాకా వచ్చి ఆగింది. వణుకు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, ఈసారి నేర్చుకున్నది కాదు. ముక్కు మీంచి చెమట టపటపా నేల మీద పడుతోంది.

"అంత చలిలో అక్కడి పిల్లలు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు డిప్టీ సారు. వెనక నుంచి భూగోళం సారు పెదవులతోనే "మంచు ఇండ్లు, మంచు ఇండ్లు" అంటున్నాడు.

"వాళ్లవ్వ ఒళ్లె పండుకుంటరు సార్," అన్నాను.

తరగతి ఘొల్లుమంది. మా సారు కళ్లు మూసుకున్నాడు. డిప్టీ సారు మాత్రం నవ్వకుండా, "మరి ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే?" అన్నాడు.

నేను ఆలోచించాను. "వంతులేసుకుంటరు సార్."

అప్పుడు నవ్వాడాయన. తనిఖీ పుస్తకంలో ఏం రాశాడో తర్వాత మా సారే చెప్పాడు, పాఠం బాగుంది, గోళానికి మరమ్మతు అవసరం అని.

ఆ సాయంత్రం గొంగడి భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచిన నా నడక మీరు చూడాల్సింది. దారిలో కనబడ్డ ముసలమ్మలందరికీ ధ్రువాల గురించి చెప్పాను. అయితే పాస్టరు బిడ్డ నాకంటే ముందే మా ఇంటికి పోయి జరిగిందంతా చెప్పేసింది. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి అవ్వ నిద్రపోయిన తమ్ముణ్ణి తొట్టెలో వేసి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒడి తట్టి, "రాయే, ఇంక నీ వంతు," అంది.

బయట ఆడపిల్లలు తొక్కుడుబిళ్లకు నా కోసం నిలబడి ఉన్నారు. నేనేమో డిప్టీ సారుకు జవాబు చెప్పి వచ్చినదాన్ని. "నేనేమన్న సిన్నపిల్లనా అవ్వా," అని గొంగడి ఆమె మీద పడేసి ఉరికాను. వెనక అవ్వ నవ్వడం వినిపించింది.

ఆమె మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. కోపం వచ్చి కాదు, పిల్ల పెద్దదైందని సంతోషపడింది, అందరితో చెప్పుకుంది కూడా. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోలేని ఈ వయసులో, గుమ్మం దాటి ఉరికిన ఆ తాడి గుర్తొస్తే నవ్వు వస్తుంది, జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కురావాలనీ అనిపిస్తుంది. చేయి వేయగానే నా దొంగ జ్వరాన్ని పట్టేసిన మనిషి, చిన్నపిల్లను కానన్న ఆ ఒక్క మాటను మాత్రం నిజమని నమ్మింది.