చెంగమ్మక్క వేలు నడిచినంతసేపు

ఎదురింటి మెట్లకు బండలు కోస్తున్నారు. పొద్దుటి నుంచీ రంపం మోత, తడిసిన రాతిపొడి వాసన. ఆ వాసన తగిలితే నాకు తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండు వెనక, మేడమీద చెంగమ్మక్క నడిపిన బ్రౌజింగ్ సెంటరు గుర్తుకొస్తుంది. అక్క రాతిపని మనిషేమీ కాదు. ఆమె భర్త మునిరాజు బావ క్వారీలో రాళ్లు పేల్చే పని చేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మేము ఎరిగేనాటికి ఆయన మాట్లాడటం కూడా మానేశాడు. సెంటరు వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఏదైనా చెప్పాలంటే కాగితం మీద తమిళంలో రాసి చూపించాలి. ఇళ్లలో మాట్లాడేది తెలుగైనా, అక్కడ బడిలో మా అందరికీ నేర్పింది తమిళమే.

అవి సీడీల రోజులు. నేను, గోపి, మంజుల ముగ్గురం కాలేజీలో ఒకే తరగతి, జపాను బొమ్మల సినిమాలు, అనిమే అంటే ముగ్గురికీ ఒకే పిచ్చి. బెంగళూరు నుంచి గోపి తెప్పించే సీడీల్లో బొమ్మకింద ఇంగ్లీషు మాటలు పడేవి. వాటిని తమిళంలోకి మార్చి నెట్‌లో పెడదామనుకున్నాం. జట్టుకు పేరు పెట్టడానికే అక్క సెంటరులో కూర్చుని నెలంతా కొట్టుకున్నాం, పని మాత్రం ఒక్క వాక్యం కాలేదు. ఆ గొడవ రోజూ వినీ వినీ విసుగెత్తిన అక్క ఒకనాడు నన్ను పిలిచింది.

"ఏమ్మే సుమతీ, మధ్యాన్నం పూట మూల కంప్యూటరు సుమ్మా ఖాళీగా ఉంటుంది. మీరు వాడుకోండి. కానీ మీరు చేసింది మొదట మీ బావకు చూపించాల. మేమిద్దరం ఒకటే దాన్ని చూసి నవ్వి ఆరేండ్లు అయిపోయింది."

కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది. మాకు కావలసింది కంప్యూటరు, ఒప్పేసుకున్నాం. ఆమె అడిగింది ఎంత పెద్దదో అప్పుడు మా బుర్రలకు ఎక్కలేదు.

రెండు వారాలు కూర్చుని ఒక భాగం పూర్తి చేశాం. మంచి పుస్తకాల తమిళం, చూస్తే మాకే గర్వం. బావను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. పది నిమిషాలు కళ్లు చిట్లించి చూశాడు, లేచి వెనక గదిలోకి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "చదవను రాకుంటే మేమేమి చేసేది?" అనేశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అక్క తిట్టలేదు. తెరమీద వాక్యం కింద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా జరుపుతూ పోయింది.

"మీ బావ అయిదో క్లాసు. ఇట్ల చదువుతాడు. నా వేలు సగం పోకముందే మీ మాట పారిపోతా ఉంది. అదీ కాక, ఆయన తలలో ఉండేది ఇంట్లో మాట్లాడే తెలుగు. ఆ మాటే రాయండి."

"తెలుగు అక్షరాలు మనకెవరికి వస్తాయక్కా?" అంది మంజుల.

"అరవ అక్షరాలు ఉండాయి కదా."

అలా మా ఇళ్ల తెలుగును తమిళ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాం. "దీన్ని నెట్‌లో పెడితే ఎవడు చూస్తాడు? లోకం మొత్తానికి ఒకే ఒక్క మనిషి" అని గోపి సణిగేవాడు, సణుగుతూనే టైపు చేసేవాడు. అక్క పక్కన కూర్చుని ప్రతి వాక్యం కింద వేలు నడిపేది. వేలు చివరికి చేరేదాకా ఆ వాక్యం తెరమీద ఉండాల్సిందే.

రెండోసారి బావ లేవలేదు. సగంలో హఠాత్తుగా, అదుపులేని పెద్ద గొంతుతో, "ఆ పిల్ల ఎందుకు తిరిగి చూసింది?" అన్నాడు. ఆయన గొంతు మేము వినడం అదే మొదలు. బొమ్మలో ఎవరో తలుపు తట్టారని గోపి కాగితం మీద రాశాడు. "అది కింద రాయలేదే?" అన్నాడు బావ. మాటలన్నీ రాశాం కానీ చప్పుళ్లు ఒక్కటీ రాయలేదు. మా చెవులు పనిచేస్తున్నాయి గనుక ఆ ఊహే రాలేదు.

"స్పీకరు ఆపేసి చూడండి. ఏది తక్కువో అప్పుడు తెలుస్తుంది" అంది అక్క.

ఆపేసి చూశాం. సగం కథ మాయమైపోయింది. మొదటి నుంచి మళ్లీ చేశాం. వాన పడతా ఉంది, కుక్క మొరుగుతా ఉంది, ఎవరో దూరంగా పాడతా ఉండారు, అన్నీ రాశాం.

మూడోసారి, తాత గురక పెడుతూ మంచం మీద నుంచి పడే చోట బావ పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది, తెరను చూసి కాదు, ఆయన్ని చూసి. మేము గెలిచామనుకున్నాం. కాసేపటికి, మంచుకొండ మీద ఆ పిల్ల తన తండ్రి పక్కన ఊరికే కూర్చునే చోటు వచ్చింది. బావ నావైపు తిరిగాడు.

"ఇక్కడ ఏమీ లేదే. మర్చిపోయినారా?"

శబ్దాన్ని మా ఇళ్లలో సత్తం అంటాం. "ఇక్కడ సత్తమే లేదు బావా. మాకూ ఏమీ వినపడదు" అని రాసిచ్చాను. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"అయితే అదీ రాయండి. ఇక్కడ మీరూ నేనూ ఒకటే అని నాకు తెలుస్తుంది."

ఆయనకు ఎలాగూ వినపడదు కదా అని నేను గట్టిగానే ఏడ్చాను. అక్క మాత్రం నన్ను పక్కకు జరిపి, తనే కీబోర్డు ముందు కూర్చుని, "సత్తం లేదు" అని కొట్టింది. మళ్లీ ఆ చోటు పెట్టి, బావ పక్కన కుర్చీ వేసుకుని, ఇద్దరూ కలిసి చూశారు.

సెంటరు మూసేసి చాలా ఏళ్లయింది. అక్కడ నేర్చిన పనే ఇప్పుడు నాకు కూడు పెడుతోంది. సినిమాలకు, పాఠాలకు కింద మాటలు రాస్తాను. శబ్దం లేని చోట ఆ సంగతి కూడా రాస్తాను. అనవసరం, తీసేయండి అంటారు పైవాళ్లు. అక్కడ ఎవరో ఒకరు, తమ ఒక్కరికే వినపడటం లేదనుకుంటారండీ అని చెప్పి, మళ్లీ పెడతాను.