నేడు కూడా సముద్రం ప్రశాంతం

ఆ రోజుల్లో మా ఆదోనిలో ఎవరిని కదిపినా పత్తి గురించే మాట్లాడేవాళ్లు. యార్డుకు ఎన్ని బండ్లు వచ్చాయి, ధర ఎక్కడ ఆగింది, ఏ జిన్నింగు మిల్లులో పని దొరుకుతోంది, ఇవే కబుర్లు. ఊరి ఊపిరి నిండా దూదే (ఇది అలంకారం కాదు, మధ్యాహ్నం యార్డు పక్కన నడిస్తే ముక్కులో నిజంగానే దూది చేరుతుంది). సముద్రానికి అంత దూరంగా, సూర్యుడికి అంత దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో, విత్తనాల దుకాణం మీద ఉన్న గదిలో కూర్చుని, మీసాలు సరిగా రాని వయసులో నేను రోజూ సముద్రం ఎలా ఉందో తెలుగు పాఠకులకు చెప్పేవాణ్ణి. అప్పటికి సముద్రాన్ని చూసి ఎరగను. చూడకపోవడం ఈ వృత్తిలో అడ్డంకి కాదని మాత్రం అప్పటికే కొంత తెలుసు. అది ఎంత పెద్ద సౌకర్యమో తర్వాత తెలిసింది.

ఈ పని నాకు ఎలా అంటుకుందో చెప్పాలి. నేను పనిచేస్తున్న చిన్న పత్రిక అప్పుడే కొత్తగా వెబ్‌సైటు తెరిచింది. దాన్ని హైదరాబాద్‌లో ఉండే ఒక పెద్దాయన నడిపేవాడు. ఏ వార్త పంపినా "బాగానే ఉందయ్యా, ఊపేదీ?" అనేవాడు కనుక మేమంతా ఆయన్ని ఊపు సార్ అనేవాళ్లం (వెనకాల). కోస్తాలో ఎక్కడో బీచ్ పక్కన రిసార్టు కట్టిన ఒకాయన మా సైటుకు ప్రకటన ఇచ్చాడు. ఇస్తూ, తన బీచ్‌లో అలలు, గాలి, ఎండ ఎలా ఉండబోతున్నాయో రోజూ ఒక శీర్షిక వేయాలని షరతు పెట్టాడు. అలల మీద పలక వేసుకుని నిలబడి జారే సర్ఫింగు ఆటకు జనాన్ని రప్పించాలని ఆయన ఆశ. కోస్తా విలేకరులు తమకు నిజం వార్తలు చాలా ఉన్నాయని తప్పించుకున్నారు. "ఆదోనిలో ఎండాకాలం ఏం జరుగుతుంది, ఆ కుర్రాడు ఖాళీయే కదా" అని ఊపు సార్ నాకు అంటగట్టాడు. అలల ఎత్తు, గాలి వేగం మధ్యాహ్నానికి మా హైదరాబాద్ ఆఫీసు నుంచి మెయిల్‌లో వస్తాయి. వాటికి తెలుగు బట్టలు తొడిగి సాయంత్రంలోగా పంపాలి. వేసవి ముగిసేలోగా ఈ శీర్షికకు పాఠకులు పెరిగితే నన్ను పర్మినెంట్ చేస్తారు. పెరక్కపోతే మళ్లీ పాత బతుకే. యార్డు వార్త రాయడం, అచ్చయిన వరుసలు కొలిపించుకోవడం, కొలిచినదానికి కూలి తీసుకోవడం.

పని మొదలుపెట్టానో లేదో సముద్రం కదలడం మానేసింది. అలల ఎత్తు అడుగు, గాలి మందం అని మెయిల్ వచ్చింది. మర్నాడూ అడుగే. ఆ మర్నాడూ అంతే. అడుగంటే ఎంతో చూద్దామని స్కేలు తీసి నా బల్ల పక్కన నిలబెట్టాను. నా మోకాలి దాకా కూడా రాలేదు. ఇంతేనా సముద్రం అనిపించింది. ఆ క్షణం నుంచి నాకు దాని మీద గౌరవం పోయింది. మొదటి రోజు 'సముద్రం ప్రశాంతం' అన్నాను. తర్వాత 'నేడు కూడా సముద్రం ప్రశాంతం' అన్నాను. ఆపైన మాటలు దొరక్క పోలికల్లోకి దిగాను. తోడుకున్న పెరుగులా ఉందన్నాను. ముడత లేకుండా పరిచిన ఎమ్మిగనూరు దుప్పటిలా ఉందన్నాను. భోజనాల వేళ దాటిన సర్కారు కచేరీలా ఉందని కూడా రాశాను గాని, అది ఊపు సార్ కొట్టేశాడు (ప్రభుత్వ ప్రకటనలు రావాలి కదా).

ఒక సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, రోజూ పడుకునే ఉంటుందా నీ సముద్రం? లేపవయ్యా!"

"అడుగే ఉంది సార్. మెయిల్‌లో అలాగే వచ్చింది."

"అడుగని నీకు తెలుసు, నాకు తెలుసు. పాఠకుడికెందుకు? 'ఈ మౌనం దేనికి సంకేతం?' అని పెట్టు. చివర ప్రశ్నార్థకం మరిచిపోకు. అది ఉంటే మనం ఏమీ అననట్టే."

పెట్టాను. ఆ రోజు పాఠకులు పెరిగారు. మర్నాడు పొద్దున్నే రిసార్టు ఆయన ఫోన్ చేశాడు. "ఏవండీ, మౌనం, సంకేతం అంటూ ఏంటండీ ఆ రాతలు? సునామీ వస్తోందా అని జనం నన్ను అడుగుతున్నారండీ. గదులు వద్దంటున్నారు. ప్రశాంతం అని చక్కగా రాయండి. పిల్లాపాపలతో రమ్మనండి." ఇలా ఒకాయనకు సముద్రం లేవాలి, ఇంకొకాయనకు లేవకూడదు. లేపే బాధ్యతా, జోకొట్టే బాధ్యతా ఆదోనిలో విత్తనాల దుకాణం మీద కూర్చున్న నాది.

ఊళ్లో నా పేరే మారిపోయింది. యార్డు గేటు దగ్గర టీ కొట్టు చాచా నన్ను చూడగానే "అరే, సముద్రానికి ఒక చాయ్! ఆజ్ భీ ఠండా హై క్యా?" అని కేకేసేవాడు (ఇవాళ కూడా చల్లగానే పడుందా అని). జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేసే మా చిన్నాయన ఆ టీ కొట్టులోనే కూర్చుని మరింత ఎగదోసేవాడు. "ఏమప్పా, ఈపొద్దు మీ సముద్రంలో నీల్లు ఉండాయా, ఇంగిపోయినాయా?" అనేవాడు. ఇదంతా సరదాగానే ఉండేది గాని, పత్తి విత్తడానికి వాన కోసం చూస్తున్న రైతులు వచ్చి అడిగినప్పుడే నవ్వలేకపోయేవాణ్ణి. "అంత దూరంలో ఉండే నీల్లు ఎంత ఎత్తు లేస్తాయో సెప్తావు. మా సేన్లో నాలుగు చినుకులు ఎప్పుడు పడతాయో సెప్పలేవా అన్నా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. ఎగతాళి కాదు. చెబుతానేమోనని నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. అది వేరే డిపార్టుమెంటు అన్నాను.

నన్ను పూర్తిగా నమ్మింది మా అవ్వ ఒక్కతే. ఎమ్మిగనూరులో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. పక్కింటి కోడలు ఫోన్‌లో నా శీర్షిక చదివి వినిపిస్తే, "మా మనవడు సముద్రాన్ని సూసుకుంటాడు" అని వీధంతా చెప్పుకునేది. ఎవరో గేదెల్ని చూసుకున్నట్టు, ఎవరో మిల్లును చూసుకున్నట్టు! కాబట్టి ఒక రోజు ఊపు సార్ ఫోన్ చేసి, "ఆదివారం నువ్వే బీచ్‌కి వెళ్లు. నీళ్లలో నిలబడి లైవ్ ఇవ్వు. అలల నిపుణుడు అని కింద వేస్తాం. ఇది ఆడితే నీ ఆర్డరు మీద సంతకం చేయిస్తాను" అన్నప్పుడు, అవ్వ సంచి సర్దుకుని బస్సెక్కి ఆదోని వచ్చేసింది. "నువ్వు సూసుకునే సముద్రాన్ని నాకు ఒగతూరి సూపియ్యి నాయనా. మల్లీ ఎవరు సూపిస్తారు?" అంది. కాదనలేకపోయాను. గుంతకల్లులో రైలు మారి వెళ్లాం. దారి పొడుగునా నేను ఒకే వాక్యం కోసం తంటాలు పడ్డాను. ఊపు సార్‌కు ఊపు ఉండాలి, రిసార్టు ఆయనకు భయం ఉండకూడదు. చివరికి దొరికింది: "అలలు ప్రశాంతంగా ఎగసిపడుతున్నాయి." నా మొత్తం వృత్తి జీవితంలో ఇద్దరు యజమానుల్ని ఒకే వాక్యంలో మెప్పించే మాట అంతకంటే గొప్పగా కుదరలేదు.

రిసార్టులో సర్ఫింగు పలకలు రెండు ఉన్నాయి. అలలు లేక భోజనశాలలో బల్లల మీద వేసి వాటి మీద ఇడ్లీ, పెసరట్టు వడ్డిస్తున్నారు. తిని, ఇసుక దాటి నీళ్ల దగ్గరికి వెళ్లాం. అవ్వ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇది యా పక్కకు పారుతాదిరా?"

మా దిక్కున నీళ్లంటే తుంగభద్ర కాలువ. కాలువ ఎటో ఒక పక్కకు పారాలి. నిజానికి నాకూ అదే సందేహం. అయినా నిపుణుణ్ణి కనుక, "తూర్పుకు" అన్నాను.

"తూర్పుకు పారేదైతే మన దిక్కుకు ఎందుకు వస్తాండాది?"

"అలలంటే అంతే అవ్వా. నీకు తెలీదులే."

ఫోన్ పట్టుకుని రిసార్టు ఆయన సిద్ధంగా నిలబడ్డాడు. కొత్త ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నేను నీళ్లలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి, కెమెరాకు ముఖం పెట్టి నిలబడ్డాను. సముద్రం ఒడ్డున పుట్టిన పసిపిల్లవాడు కూడా ఆ పని చేయడట. కాలువ గట్టున పెరిగిన నాకు నీళ్లు పక్కనుంచి పోవడం తెలుసు గాని, వెనకనుంచి మనిషి మీదికి వస్తాయని తెలీదు. పైగా అడుగే కదా! గొంతు సవరించుకుని, "ప్రేక్షకులకు నమస్కారం. అలలు ప్రశాంతంగా ఎగసి..." అన్నాను. ఏదో వచ్చి మోకాళ్ల వెనక కొట్టింది. తిరిగి పోతూ నా కాళ్ల కింది ఇసుకను కూడా తీసుకుపోయింది. ఆకాశం కనిపించింది. తర్వాత ఉప్పు. తర్వాత కళ్లజోడు పోయింది. నోట్లోకి వచ్చిన ఒకే ఒక్క మాట, "అవ్వా!" దాన్ని రాష్ట్రమంతా విన్నది. దాని వెంటే ఒడ్డు మీద చెప్పులు ఊపుతూ మా అవ్వ అరిచిన అరుపూ విన్నది.

"రేయ్, లెయ్‌రా! అడుగే అని రాసినావు గదరా!"

సాయంత్రానికి ఆ వీడియో చేరని ఫోన్ లేదు. నేను అన్ని వారాలు రాసిన పెరుగునూ దుప్పటినీ చదవనివాళ్లంతా నేను పడటం చూశారు. కొందరు వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూశారు. బట్టలు ఆరబెట్టుకుంటూ ఇసుకలో కూర్చున్న నాకు ఊపు సార్ ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత ప్రేమ అంతకుముందెప్పుడూ వినలేదు. "ఇదయ్యా ఊపంటే! వచ్చే ఆదివారం మళ్లీ పడు. ప్రతి ఆదివారం పడు. వచ్చే వారం పడగానే నీ ఆర్డరు పంపిస్తాను." రిసార్టు ఆయన మొదట తల పట్టుకున్నాడు గాని, ఆ సారు పడిన చోటెక్కడ అని జనం అడగడం మొదలుపెట్టాక ఆయన ముఖం కూడా విప్పారింది. నేను సరేనన్నాను. పర్మినెంట్ ఉద్యోగం కోసం మనుషులు కాళ్ల మీద పడతారని విన్నాను, నీళ్లలో పడటం దానికంటే గౌరవమే అనుకున్నాను. అవ్వను మళ్లీ రమ్మన్నాను. రానంది. "నువ్వు పడేది సూసేకి అంత దూరం ఎందుకురా? ఈడనే పడు, సూస్తాను."

ఆ ఆదివారం సముద్రం నిజంగానే ప్రశాంతంగా ఉంది. నేను రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా! వీపు పెట్టి నిలబడ్డాను. చీలమండల దాకా వచ్చి, తాకి, మర్యాదగా వెళ్లిపోయింది. "వస్తోందాండీ?" అని రిసార్టు ఆయన కళ్లతోనే అడుగుతున్నాడు. నేను మెడ తిప్పి చూస్తున్నాను, అది రావడం లేదు. వద్దన్నప్పుడు పడేసిన సముద్రం, ఉద్యోగం కోసం బతిమాలుతుంటే కదలనంది. లైవ్ చూస్తున్నవాళ్లు 'పడు సార్', 'తొందరగా పడు సార్, బయటికి పోవాలి' అని రాస్తున్నారట. చివరికి నేనే పడ్డాను. మొదట చెయ్యి ఆనించి, తర్వాత కూర్చుని, ఆపైన పడుకున్నాను. "అవ్వా" అని కూడా అన్నాను, ఎవరినో పిలిచినట్టు. 'జారలేదు, కూర్చున్నాడు' అని ఒకడు తేల్చేశాడు. మిగతావాళ్లు అదే పట్టుకున్నారు. వారం కింద నన్ను ముద్దు చేసిన జనం దొంగ అన్నారు. వాళ్లు అన్నది నిజమే కనుక కోపం కూడా రాలేదు.

"సహజంగా లేదయ్యా" అన్నాడు ఊపు సార్, అడుగు అలను లేపమని అడిగిన మనిషే. శీర్షిక ఆగిపోయింది. ఆర్డరు రాలేదు. ఎమ్మిగనూరు వెళ్లి అవ్వ ముందు దిగాలుగా కూర్చుంటే, కండె చుట్టడం ఆపకుండానే అడిగింది.

"ఉద్యోగం పోయిందా?"

"సముద్రం పోయిందవ్వా. యార్డు ఉంది."

"యార్డే మేలు. పత్తి ఎనకనించి వచ్చి కొట్టదు."

ఆ యార్డు వార్తలే రాసి రాసి, ఎవరూ ఊపు అడగని ఒక మూల డెస్కులో, చాలా ఏళ్లకు పర్మినెంట్ అయ్యాను. ఆ కబురు చెప్పడానికి అప్పటికి అవ్వ లేదు. మొన్నొక రోజు పని లేక ఫోన్‌లో ఆ బీచ్ పేరు కొట్టి చూశాను. ఇప్పుడు మనిషి అక్కర్లేకుండా యంత్రమే రాసేస్తోంది. 'అలల ఎత్తు అడుగు. సముద్రం ప్రశాంతం.' పెరుగూ లేదు, దుప్పటీ లేదు. చదివి, ఊపేదీ అనుకున్నాను. అనుకుని నవ్వుకున్నాను. అది యా పక్కకు పారుతుందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. ఏ ఆఫీసు నుంచైనా 'పరిస్థితి పూర్తి ప్రశాంతం, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు' అని ప్రకటన వస్తే, దాన్ని అచ్చుకు పంపే ముందు కుర్చీలోనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను. డెస్కులో కొత్తగా చేరినవాళ్లు అది మెడ నొప్పి అనుకుంటున్నారు. పెద్దవాణ్ణయ్యానని జాలిపడి ఒకమ్మాయి నొప్పి నూనె సీసా కూడా తెచ్చిపెట్టింది. వద్దనలేదు. ఇలాంటి ప్రకటనలు ఈమధ్య రోజూ వస్తున్నాయి. నిజంగానే మెడ నొప్పి పుడుతోంది.