ముందు రెక్కలో పొట్టి స్క్రూ

మూడేళ్ల కిందట, ఫిబ్రవరి నెల. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక చిన్న నీటి క్రీడల కేంద్రంలో నేను సామాను చూసుకునేవాణ్ణి. అంతకుముందు పదిహేనేళ్లు ఫైబర్ పడవలకు మరమ్మతులు చేశాను. ఆ చేతులతోనే విండ్‌సర్ఫ్ ఫాయిల్ బిగించడం నేర్చుకున్నాను. తెరచాప ఉన్న బోర్డు కింద నీటిలోకి నిలువుగా దిగే కాలును మాస్ట్ అంటారు. దాని అడుగున ముందువైపు విమానం రెక్కలాంటి ఫ్రంట్ వింగ్, వెనక చిన్న రెక్క ఉంటాయి. ఈ మొత్తమే ఫాయిల్. బోర్డు వేగం అందుకోగానే ముందు రెక్క మనిషితో సహా దాన్ని నీటిపైకి లేపేస్తుంది.

ఒక బుధవారం ఒకామె ఒంటరిగా వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు గ్రేసు, పాతపట్నంలో పంతులమ్మనని చెప్పింది. ఫాయిల్ అద్దెకు కావాలంది. మేం ముందుగా బరువు అడుగుతాం. బోర్డు, రెక్క దాన్నిబట్టే ఎంచాలి.

"ఎనభై ఎనిమిది కిలోలు" అంది.

మనిషి చూస్తే యాభై అయిదు దాటదు.

"ఎవరికమ్మా?"

"నాకే."

అక్కడే నాకు అనుమానం మొదలైంది. ఇదివరకు ఎక్కారా అంటే ఔనని తల ఊపింది. తెరచాప పట్టే చేతులు కాయలు కాస్తాయి. ఆమె అరచేతులు మెత్తగా ఉన్నాయి. అయినా ఆ పొద్దున బిగించిన పెద్ద రెక్క, పొట్టి మాస్ట్ చూపించాను. పెద్ద రెక్క తక్కువ గాలికే నెమ్మదిగా లేస్తుంది. మాస్ట్ పొట్టిదైతే పడినా తక్కువ ఎత్తునుంచి పడతారు. నేను ఇదంతా చెబుతుంటే ఆమె ప్రతి అతుకునూ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

"ఎవలో ఇలాటిదే ఇంకోటి పెడతన్నార్రా. మన సరుకేటో సూసి రమ్మని పంపినారు. మళ్లీ వస్తే ఏటీ సెప్పకు" అన్నాడు మా యజమాని వాసు. నేనూ అదే నమ్మాను.

మర్నాడు మళ్లీ వచ్చింది.

"అన్నయ్యా, ఆ రెక్క ఇప్పి మళ్లీ బిగించండి. నేను సూస్తాను."

"నిన్ననే బిగించినాను తల్లీ. నామీద అనుమానమేటి?"

"ఔను, అనుమానమే" అంది మొహం మీదే.

నాకు ఒళ్లు మండింది. బోర్డు బోర్లా తిప్పి, పక్కన గోనెపట్టా పరిచి, ఒక్కో స్క్రూ తీసి దానిమీద పెట్టాను. ఫ్రంట్ వింగ్‌కి మూడు స్క్రూలు. రెండు ఒకే పొడవున్నాయి. మూడోది గోరంత పొట్టిగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు ఒక స్క్రూ ఇసుకలో పడిపోతే, వెనక రెక్క స్క్రూల డబ్బాలోంచి ఒకటి తీసి పెట్టేశాను. బిగుసుకుంది కదా అని వదిలేశాను. పొట్టి స్క్రూ ఒడ్డున గట్టిగానే అనిపిస్తుంది. కానీ లోపల రెండు చుట్లే పట్టుకుంటుంది. నీటిలో బరువంతా రెక్కమీద పడితే ఊడి వచ్చేస్తుంది. గాలి లేక ఆ రెండు రోజులూ ఎవరూ ఎక్కలేదు, అంతే.

గ్రేసు దాన్ని తీసి వేళ్ల మధ్య తిప్పింది.

"ఇది ఇలాగే ఉంటాదా?"

ఆమెకు తెలియదు. ఔనంటే సరిపోయేది. పక్కనే నిలబడ్డ వాసు నన్నే చూస్తున్నాడు.

"కాదమ్మా. ఇది తప్పు స్క్రూ. నేనే పెట్టినాను."

వాసు విసురుగా లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఇసుకలో కూర్చుంది. అప్పుడు అసలు విషయం చెప్పింది. ఆ బరువు ఆమె తమ్ముడు డేవిడ్‌ది. అతను వేరే రాష్ట్రంలో ఫాయిలింగ్ నేర్పేవాడు. ఒకరోజు రెక్క వదులై, బోర్డు తిరగబడి, రెక్క అంచు అతని తొడను కోసేసింది. ఏడాదిపాటు కర్ర పట్టుకుని నడిచాడు.

"మళ్లీ దిగుతానంటన్నాడు. ఆపితే ఆగడు. అందుకే ముందు నేనొచ్చి సూస్తన్నాను."

"ఆ మాట ముందే సెప్పొచ్చు కదమ్మా?"

"సెప్తే జాగర్తగా బిగించి సూపిస్తారు. రోజూ ఎలా బిగిస్తన్నారో నాకెలా తెలుస్తాది?"

ఆ సాయంత్రం మా దగ్గరున్న ఫాయిళ్లన్నీ విప్పి చూశాను. తక్కినవి బాగానే ఉన్నాయి. అయినా నా చేతిమీద నాకే నమ్మకం పోయి, ఒక్కోదాన్ని రెండేసిసార్లు బిగించాను. ఆమె ఇక రాదనుకున్నాను.

శనివారం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. భారీ మనిషి, కాస్త కుంటుతున్నాడు. అన్ని స్క్రూలూ విప్పి, ఉప్పునీటికి పట్టేయకుండా గ్రీజు రాసి, తనే బిగించుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, వలలు లేని లోతు చూసుకుని దిగాడు. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి బోర్డు నీటిని వదిలి, చప్పుడు లేకుండా పైకి తేలింది. అతను కేక పెట్టాడు. గ్రేసు అతని మొహం చూడలేదు. బోర్డు కిందికే చూస్తూ నిలబడింది.

వచ్చినవాళ్లు అనుమానిస్తే చిన్నబుచ్చుకోవడం నేను ఆ రోజే మానేశాను. ఇప్పుడు అద్దెకిచ్చే ముందు స్క్రూలన్నీ గోనెపట్టా మీద పరిచి, చూసుకోమని నేనే అడుగుతాను.

ఆ శనివారం వెళ్లేముందు గ్రేసు, "మళ్లీ వస్తాం. అప్పుడూ స్క్రూలన్నీ ఇప్పిస్తాను" అంది.

"ఇంకా నమ్మకం కుదర్లేదా అమ్మా?" అన్నాను.

"మీరు నిజం సెప్తారని కుదిరింది అన్నయ్యా. మీ సెయ్యి పొరపాటు సెయ్యదని మాత్రం కుదర్లేదు."