రెండు పొట్లాల్లోనూ తెల్లపువ్వే

ఏళ్ళుగా నేనొక పొట్లాన్ని మోస్తున్నాను. అరటాకు ముక్కలో చుట్టి నారతో కట్టిన చిన్న పొట్లం. అరచేతిలో పెడితే ఉందో లేదో కూడా తెలియదు. దాన్ని దించుకునే చోటు మాత్రం ఈ ఊళ్ళో నాకు దొరకలేదు. గుడిలో దించుకోబోయాను. శనివారం గోష్ఠిలో అందరితో కలిసి నామం చెబుతూ దించుకోబోయాను. గొంతు కలిసింది. మనసు కలవలేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. తరతరాలుగా పుదుచ్చేరిలో ఉంటున్న మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే. చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న పురాణం చెప్పేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించాడు. ఈ కాగితం మా ఆయనకు చిక్కినా, పిల్లలకు చిక్కినా, ఏదో స్తోత్రం రాసుకుంటున్నాననుకుంటారు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఇంట్లో ఎవరూ చదవలేని లిపిని వెతుక్కున్నాను. నా ధైర్యం అంతవరకే.

మా బావగారి భార్య పేరు కనకమ్మ. నాకంటే చాలా పెద్దది. అక్కయ్యా అని పిలిచేదాన్ని. నేను కోడలిగా వచ్చేనాటికే ఆమెకు పిల్లలు కలగరని డాక్టర్లు తేల్చి చెప్పారు. తర్వాత బావగారు పోయారు. ఇల్లు సగం ఆమెది, సగం మాది. బజారుకు రెండు వీధుల అవతల, మా వైపు తిన్నె అనే అరుగూ, కొయ్యస్తంభాలూ, నడిమధ్య వాన పడే ముంగిలీ ఉన్న పాత పెంకుటిల్లు. వెనక బావి, బావి పక్కన నందివర్ధనం చెట్టు. పొద్దున పూజ కాగానే అక్కయ్య అరుగు మీద కూర్చునేది. పూలమ్మి గంప అక్కడే దించుకునేది. బడికి పోయే పిల్లలు ఆమె చేతి మరమరాలు తీసుకునే పోయేవారు. సాయంత్రం నేను పురాణం చదివితే వీధిలో ఆడవాళ్ళంతా ఆ అరుగు మీద కూర్చుని వినేవారు. అందరికంటే ముందు ఆమె కళ్ళు చెమర్చేవి.

అప్పటికే మా ఊరి మీద అందరి కళ్ళూ పడ్డాయి. శని, ఆదివారాలు వస్తే చెన్నై, బెంగళూరు కార్లతో వీధులు నిండిపోయేవి. సముద్రం ఉంది, కాలేజీలున్నాయి, ఆసుపత్రులున్నాయి, సేదరపేట్ వైపు ఫ్యాక్టరీలున్నాయి, పెద్ద నగరాల రొద మాత్రం లేదు. ఇక్కడ ఒక ఇల్లుంటే చాలు అని వచ్చినవాళ్ళంతా అనడం మొదలుపెట్టారు. విల్లియనూరు దారిలో పొలాలు ప్లాట్లయ్యాయి. పాత ఇళ్ళకైతే చెప్పనక్కరలేదు. ఒకరోజు ఒక బ్రోకరు మా అరుగు మీదే కూర్చుని అక్కయ్యకు అంతా విడమరిచి చెప్పాడు.

“చెన్నైలో కొంటే ఇల్లొకటే వస్తాది పెద్దమ్మా. కోయంబత్తూరులోనూ అంతే. పాండీలో కొంటే సముద్రంగాలి వస్తాది, పాతకాలం వస్తాది, పేరు వస్తాది. ఇట్లాంటి తిన్నె ఇప్పుడు కట్టిస్తామన్నా కట్టే ఆచారి లేడు. లాడ్జి పెట్టేవాళ్ళు దీనికోసమే తిరగతా ఉండారు.”

“తిన్నె కావాల్నంటే వచ్చి కూర్చోమను నాయనా,” అంది అక్కయ్య. “కాఫీ కూడా ఇస్తా. దానికి ఇల్లెందుకు?”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. లోపల మాత్రం నవ్వలేదు.

కొనేవాళ్ళకు ఇల్లు మొత్తంగా కావాలి. సగం వాళ్ళకు అక్కరలేదు. ఆమె ఊ అంటేనే మా సగానికి విలువ. మా ఆయన ఇత్తడిసామాన్ల కొట్టులో బేరాలు తగ్గిన మాట నిజమే. అయినా మేమేం పస్తులుండలేదు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు అది. ఈరోజు దాన్ని తీసేస్తున్నాను. అది ఆకలి కాదు, ఆశ. నెల్లితోపులో కడుతున్న ఫ్లాట్లు చూసి వచ్చాను. తెల్లటి గచ్చు, వంటింట్లో కొళాయి, వాన కారని పైకప్పు, చిన్న బాల్కనీ, తలుపు వేసుకుంటే మాది మాత్రమే అయిన గది. నాకు అవి కావాలి. ఎంత కావాలంటే, పెరుమాళ్ళ ముందు కళ్ళు మూసుకున్నా ఆ బాల్కనీయే కనబడేది.

మా ఆయన చెప్పి చూశాడు. నేను చెప్పి చూశాను. చివరకు అక్కయ్యే ఒక మాట అంది. “సామిని అడుగుదాం. ఆయన ఏం చెప్తే అదే.”

ఈ వైపు ఇళ్ళల్లో ఉన్న ఆనవాయితీ ఇది. ఏ పెద్ద పని తలపెట్టినా దేవుడి ముందు పూలు వేసి అడుగుతారు. ఒక పొట్లంలో తెల్లపువ్వు, ఒక పొట్లంలో ఎర్రపువ్వు. తెల్లది వస్తే చేయమని, ఎర్రది వస్తే వద్దని. కొన్ని ఇళ్ళల్లో పసిపిల్లలతో తీయిస్తారు. మా ఇంట్లో అడిగినవాళ్ళే కళ్ళు మూసుకుని తీయాలి. తీయని పొట్లాన్ని విప్పకూడదు. దేవుడు చెప్పనిదాన్ని తెలుసుకోబోవడం అపచారం. దాన్ని అలాగే తీసుకెళ్ళి తులసికోటలో పెట్టేయాలి. పొట్లాలు కట్టే పని ఎప్పుడూ నాదే. శాస్త్రం చదివినదాన్ని, గోష్ఠిలో ముందు కూర్చునేదాన్ని, నా చేతి మడి మీద అందరికీ నమ్మకం.

ఆ పొద్దున స్నానం చేసి బావి దగ్గరికి వెళ్ళాను. ఒక నందివర్ధనం కోశాను. పూలమ్మి ఇచ్చిన ఎర్రగన్నేరు బుట్టలో ఉంది. దాన్ని తీయబోయాను. తీయలేదు. చెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఇంకో నందివర్ధనం కోశాను.

ఆ రెండో పువ్వు కోస్తున్నప్పుడు నేనేమనుకున్నానో మీకు చెప్పాలి. చెప్పడానికి సిగ్గేస్తోంది. పెరుమాళ్ళకు ఇష్టం లేకపోతే నా చేతిని ఆపడా అనుకున్నాను. ఆపలేదు గనక ఇది ఆయన సంకల్పమే అనుకున్నాను. భక్తి లేనిదాన్నయితే ఇంత తేలిగ్గా తప్పు చేసి ఉండేదాన్నా? చిన్నప్పటినుంచి చదివిన చదువంతా ఆ క్షణంలో నా వైపే సాక్ష్యం చెప్పింది. ఆ రెండు పువ్వులనే రెండు పొట్లాలుగా కట్టేశాను.

“ఏందే, పూలు కట్టేసినావా?” అంటూ అక్కయ్య తడితలతో వచ్చింది.

“కట్టేసినా అక్కయ్యా.”

“రెండూ ఒకే మాదిరి కట్టినావు గదా? చేతికి తెలిసిపోకూడదు.”

“ఒకే మాదిరే కట్టినా.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఆ మాట ఇంకా నా చెవుల్లో ఉంది.

కర్పూరం వెలిగించాం. ఆమె కళ్ళు మూసుకుంది. చెయ్యి చాచి, ఒక పొట్లం మీద పెట్టి, మళ్ళీ ఎందుకో వెనక్కి తీసుకుని, రెండోదాన్ని పట్టుకుంది. ఆ తడబాటు చూశాను. ఏదైనా ఒకటే గదా అనుకున్నాను. విప్పింది. తెల్లపువ్వు.  దాన్ని కళ్ళకద్దుకుంది.

“సరే పో. ఆయనే పొమ్మంటా ఉండాడు,” అంది.

మిగిలిన పొట్లాన్ని నేనే తులసికోటలో పెట్టాను. మట్టి కప్పాను.

ఇల్లు అమ్మి నెల్లితోపుకు మారాం. ఒకే కట్టడంలో పైన మేము, కింద ఆమె. గచ్చు నిజంగానే తెల్లగా ఉంది. కొళాయిలో నీళ్ళూ వచ్చాయి. అక్కయ్యకు మాత్రం కూర్చునే చోటు లేకపోయింది. గుమ్మం బయట కుర్చీ వేసుకుంటే, దారికి అడ్డమని పక్కింటివాళ్ళు మెత్తగా చెప్పారు. కార్లు పెట్టుకునే చోట కొన్నాళ్ళు పీట వేసుకుంది. పలకరించేవాళ్ళు లేరు. అందరూ ఆఫీసులకు పోయేవాళ్ళే. పొద్దున్నే మరమరాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, అలాగే లోపలికి తీసుకుపోయేది. ఏమైనా కష్టంగా ఉందా అక్కయ్యా అని అడిగితే ఒకటే జవాబు.

“సామి తెల్లపువ్వు ఇచ్చినాడు. ఆయన తప్పు చేస్తాడా?”

ఆమె ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఒకసారి గుడికి పోయి వస్తూ పాత వీధిలోంచి నడుద్దామంది. మా ఇంటికి రంగులు వేశారు. స్తంభాలకు నూనె పట్టించారు. ఎంత అందంగా ఉందో! మా చేతిలో ఎప్పుడూ అంత అందంగా లేదు. అరుగు మీద చిన్న బల్లలు వేసి ఉన్నాయి. ఎవరో కుర్రజంట కాఫీ తాగుతూ స్తంభాన్ని ఫోటో తీసుకుంటున్నారు. అక్కయ్య అలవాటుగా అరుగు అంచున కూర్చోబోయింది. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“యాడికి అవ్వా? ఇది గెస్టులకు.”

“సరే నాయనా,” అని ఆమె కొంగు సర్దుకుంది. దారిలో నాతో అంది, “చూస్తివా, తిన్నె కావాల్నంటే ఇల్లే కొనాల్సి వచ్చింది వాళ్ళకు.” నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కాగితం రాసేదాన్ని కాదేమో.

తర్వాత ఆమెకు గుండె జబ్బు వచ్చింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలబడుతుందని, ఆలస్యం చేయవద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయన సిద్ధమే. అక్కయ్య మంచంలో పడుకునే నా చెయ్యి పట్టుకుంది.

“పూలు కట్టి తీసుకరావే. నువ్వు కడితేనే నాకు నమ్మకం.”

మార్కెట్టుకు వెళ్ళి తెల్లపూలు, ఎర్రపూలు తెచ్చాను. వంటింట్లో ఆకు ముక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండింటిలోనూ తెల్లవే పెడితే ఆమె ఆపరేషన్‌కు వస్తుంది. అది నాకు తెలుసు. అంత బాగా తెలిసినది ఇంకొకటి లేదు. కాని మొదటిసారి చేసిన పాపం నన్ను లోపల తినేస్తోంది. ఇంకెప్పుడూ దేవుడి మాటలో చెయ్యి పెట్టనని మొక్కుకుని ఉన్నాను. ఈసారి నిజాయితీగా కడితే పాతది కొంత కడుక్కుపోతుందనుకున్నాను. ఆమె ప్రాణం గురించి ఆలోచించానా, నా పుణ్యం గురించి ఆలోచించానా? ఇప్పుడు అడిగితే నాకు జవాబు తెలుసు. ఒకదానిలో తెల్లది, ఒకదానిలో ఎర్రది. ఈసారి ఒక పట్టాన నార ముడి పడలేదు.

ఆమె కళ్ళు మూసుకుని తీసింది.

ఎర్రగన్నేరు.

“సరే. వద్దంటాడు,” అంది. దుఃఖం కూడా లేదు ఆ ముఖంలో.

డాక్టరు చెప్పాడు. మా ఆయన బతిమాలాడు, చివరకు కోప్పడ్డాడు. ఆమె వినలేదు. ఇంటి విషయంలో సామి మాట విన్నాను, దీని విషయంలో వినకుంటే ఎట్లా అంది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. అక్కయ్యా, అప్పుడు పొమ్మన్నది సామి కాదు, నేను, ఈ పువ్వునూ పట్టించుకోకు, లే, ఆసుపత్రికి పోదాం అని చెప్పాల్సింది. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది. చెబితే ఆమె నమ్ముకున్న ఒక్కటీ ఆమె చేతిలోంచి లాక్కున్నట్లవుతుందని ఊరుకున్నాను. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఆమె నన్ను ఎలా చూస్తుందో అని భయపడ్డాను. ఆ చూపుకంటే ఆమె చావు నాకు తేలికగా కనబడిందా? ఈ ప్రశ్న దగ్గర రోజూ ఆగిపోతాను.

నా కోసం మోసం చేయగలిగాను. ఆమె కోసం చేయలేకపోయాను.

ఆమె పోయింది. పోయేముందు కూడా, మంచి ఫ్లాటు, మంచి నీళ్ళు, సామి దయ అంది. ఆమె దృష్టిలో ఆ ఇంటినుంచి బయటికి పంపినది పెరుమాళ్ళే. ఆయన మీద పడ్డ నింద అది. ఆయనకు కూడా క్షమాపణ చెప్పాలి నేను. ఎలా చెప్పాలో ఏ గోష్ఠిలోనూ నేర్పలేదు.

ఇప్పటికీ మా వాళ్ళు పూలు కట్టమని నన్నే పిలుస్తారు. చేతులకు వాతమని చెప్పి తప్పించుకుంటున్నాను. పాత వీధిలోంచి పోయినప్పుడు తొంగిచూస్తే, ముంగిట్లో మా తులసికోట ఇంకా ఉంది. అతిథులకు బాగుంటుందని దాన్ని తీయలేదట. సాయంత్రం దీపం కూడా పెడుతున్నారు.

మీరు నన్ను క్షమించనక్కరలేదు. క్షమించే హక్కు ఉన్నది ఒక్కతెకే, ఆమె లేదు. తీయని పొట్లాన్ని విప్పకూడదని మా ఇంటి ఆచారం. ఇన్నేళ్ళకు ఆ ఆచారం తప్పుతున్నాను. ఆ కోటలో మట్టి కింద నేను పెట్టిన పొట్లాన్ని ఈరోజు మీ ముందు విప్పుతున్నాను.

చూడండి. అందులో ఉన్నదీ తెల్లపువ్వే.